నాలుగు గంటలకొకసారి

పలమనేరులో పెద్దజబ్బు అని తేలితే బండి రాయవేలూరుకో, తిరుపతికో, బెంగళూరుకో తిరుగుతుంది. ఇక నయం కాదన్నవాళ్లు అదే దారిన ఇల్లు చేరతారు, నొప్పిని వెంటబెట్టుకుని. ఆ నొప్పికి మందు లేక కాదు. జర్మనీలో సెర్ట్యూర్నర్ అనే మందుల దుకాణం కుర్రాడు నల్లమందులోంచి మార్ఫిన్‌ను విడదీసి రెండు శతాబ్దాలు దాటింది. దాన్ని ఎలా ఇవ్వాలో తెలియడానికే ఆలస్యమైంది.

1948లో సిసిలీ సాండర్స్ ఇంకా డాక్టరు కాదు. నడుంనొప్పి వల్ల నర్సు పని మానేసి, లండన్ ఆసుపత్రిలో రోగుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగంలో ఉన్నారు. తీరిక వేళల్లో సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో జీతం లేకుండా పనిచేసేవారు. మిగతాచోట్ల రోగి తాళలేక అరిస్తేనే సూది. అక్కడి నర్సులు మాత్రం నొప్పి తిరగబెట్టకముందే, క్రమం తప్పకుండా నోటి ద్వారా మార్ఫిన్ ఇచ్చేవాళ్లు. మందు ప్రభావం నిలిచేది నాలుగు గంటలే కాబట్టి మోతాదూ నాలుగు గంటలకొకటి. అసలు ఘనత పేరు తెలియని ఆ నర్సులదేనంటాను. సాండర్స్ చేసింది దాన్ని రుజువు చేయడం. డాక్టరైతే తప్ప నీ మాట వినరని ఒక సర్జన్ చెబితే, వైద్యం చదివి 1957లో డాక్టరయ్యారు. మరుసటి ఏడు నుంచి సెయింట్ జోసెఫ్స్‌లో ఒక్కొక్క రోగి వివరాలూ రాసిపెట్టారు. ఇలా ఇస్తే మోతాదు అదేపనిగా పెరగదనీ, రోగి మత్తుకు బానిస కాడనీ ఆ లెక్కలే చెప్పాయి. 1967లో, నయంకాని జబ్బుతో ఉన్నవాళ్లను చూసుకునే సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ తెరిచారు.

మన దేశంలో గసగసాలు పండుతాయి, ఘాజీపూర్‌లో సర్కారు నల్లమందు కర్మాగారమూ ఉంది. అయినా 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల బెడదకు జడిసి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ జోలికే పోలేదు. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ ఇలాంటి రోగుల బాధ తగ్గించే వైద్యం కోసం పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. తర్వాత ఊరివాళ్లే వాలంటీర్లై ఇళ్లకు వెళ్లడం కేరళలో అలవాటైంది. 2014లో పార్లమెంటు చట్టాన్ని సడలించింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఈ వైద్యం ఉంది. 2018లో మొదలైన ఆయుష్మాన్ ఆరోగ్య కేంద్రాల సేవల్లో దీన్నీ చేర్చారు, కాగితం మీద.

పల్లెలో మోతాదు ఇచ్చేది డాక్టరు కాదు, కూతురో కోడలో. పడుకునేముందు రెట్టింపు ఇస్తే నడిరాత్రి లేపే పనిలేదని, ఈ మందుతో వచ్చే మలబద్ధకానికి మాత్ర తోడుగా ఇవ్వాలని ఆమెకెవరో చెప్పాలి. ఫోనెత్తే నర్సు ఒకరుండాలి. మందు సీసా అయిపోయినప్పుడల్లా రాయవేలూరు బస్సెక్కకుండా, పలమనేరులాంటి ఊళ్ల ఏరియా ఆసుపత్రిలోనే మార్ఫిన్ దొరకాలి.