సావో పాలో వారి సోక్రటీసు

దక్షిణ అమెరికా ఖండములో సగమునకు చేరువైన భూభాగమున విస్తరించియున్న బ్రెజిల్ దేశపు చరిత్రను తెలిసికొనగోరువారు, రాజధానిలోని చట్టసభలతోపాటు ఫుట్‌బాల్ మైదానములను గూడ చూడవలెను. ఏలయన, దీర్ఘకాలము సైనికుల యేలుబడిలో మ్రగ్గిన ఈ ప్రజలకు ఓటు విలువను మరల గుర్తుచేసినవారిలో ఒక ఆటగాడు కలడు. ఆయన పేరు సోక్రటీసు. 1978 మొదలు 1984 వరకు కొరింథియన్స్ క్లబ్బు తరఫున మధ్యరంగమున ఆడిన ఆయనను సావో పాలో నగరవాసులు నేటికిని ఎంత ఆప్యాయముగా తలచుకొందురో వినుచు వినుచునే, ఇచట స్థిరపడిన నేను ఈ దేశచరిత్రను నేర్చుకొంటిని. ఆ కథను స్వదేశమునందలి పాఠకులకు చెప్పవలెనని నా కోరిక.

1894లో చార్లెస్ మిల్లర్ అనునతడు ఇంగ్లండు నుండి ఫుట్‌బాల్ ఆటను సావో పాలోకు తెచ్చినప్పుడు అది సంపన్నుల క్లబ్బులకు మాత్రమే దక్కిన వినోదము. 1910 సెప్టెంబరు 1వ తేదీన బోమ్ రెతీరో అను పనివారి పేటలో, గోడలకు రంగులు వేసి, చెప్పులు కుట్టి పొట్టపోసికొను కొందరు శ్రామికులు చేరి, ఆ యేడు ఇంగ్లండు నుండి వచ్చి ఆడి వెళ్ళిన కొరింథియన్ జట్టు పేరునే తమ జట్టునకు పెట్టుకొనిరి. నాటినుండి అది పేదల జట్టు. 1954 సంవత్సరపు రాష్ట్ర విజేతృత్వము పిమ్మట మరల ఆ గౌరవము దక్కుటకు 1977 వరకు, అనగా 23 సంవత్సరములు పట్టినను అభిమానులు జట్టును విడువలేదు. పైపెచ్చు ఆ కరవుకాలముననే వారి సంఖ్య పెరిగినదని ఇచటివారు గర్వముతో చెప్పుకొందురు. ఆ మరుసటి యేడే సోక్రటీసు వచ్చి చేరెను.

ఆయన 1954లో అమెజాన్ ముఖద్వారమునకు దాపున నున్న బెలేమ్ నగరమున జన్మించెను. పెద్ద చదువులకు నోచుకొనకపోయినను గ్రీకు తత్త్వవేత్తలను స్వయముగా చదువుకొనిన తండ్రి రైముందో, తన కుమారులలో ముగ్గురికి సోక్రటీస్, సోస్తెనెస్, సోఫోక్లీస్ అని పేర్లు పెట్టెను. 1964లో సైన్యము అధికారమును హస్తగతము చేసికొనినప్పుడు, ప్రాణప్రదముగా కూర్చుకొనిన గ్రంథములలో కొన్నింటిని ఆ తండ్రియే భయముచేత తగులబెట్టుచుండగా పదేండ్ల బాలుడు చూచెను. తన రాజకీయ జీవితము ఆ మంటయొద్దనే మొదలైనదని ఆయన పెద్దవాడైన పిదప చెప్పుచుండెడివాడు. రిబెయిరావ్ ప్రేతో పట్టణమున బొటఫోగో జట్టుకు ఆడుచునే వైద్యవిద్యను పూర్తిచేసి, పట్టా చేతబట్టుకొనియే కొరింథియన్స్‌లో అడుగుపెట్టెను గనుక, అభిమానులు ఆయనను డాక్టరని పిలిచిరి.

ఆయన ఆటను గూర్చి అడిగినంతనే ఈ నగరమున వృద్ధులు యువకులగుదురు. మా పేటలోని రొట్టెల దుకాణమునకు ఉదయము కాఫీకి వచ్చు పెద్దలలో ఒకరు, కప్పు బల్లపై నుంచి, ఒకింత ప్రక్కకు జరిగి, వెనుకకు చూడకయే కుడి మడమతో లేని బంతిని తాకి, అది ఏ ఆటగాని పాదమునకు చేరినదో పేరుతో సహా చెప్పుదురు. ఆరడుగులకు మించిన ఆ నిలువెత్తు శరీరమునకు పాదములు చిన్నవి. చప్పున మరలుట కష్టము గనుక, మరలకుండనే మడమతో బంతినందించు నేర్పును ఆయన సాధించెను. మూడు వందలకు చేరువైన మ్యాచ్‌లలో ఈ క్లబ్బుకు 172 గోల్స్ చేసిన ఆయన, గోలు పడినప్పుడు గంతులు వేయక నిశ్చలముగా నిలిచి పిడికిలి పైకెత్తెడివాడు. 1982 ప్రపంచ కప్పులో ఆయన నాయకత్వమున ఆడిన బ్రెజిల్ జట్టు ఇటలీ చేతిలో 3-2 తేడాతో ఓడినను, గెలిచిన జట్లకంటె ప్రేమగా దానిని తలచువారు నేటికిని ఉన్నారు.

అయితే ఆట ఒక్కటియే అయినచో ఈ స్మృతి ఇంత గాఢముగా నిలిచెడిది కాదు. మన దేశమున 1975లో విధించిన అత్యవసర పరిస్థితి 21 నెలలలో ముగిసినది. ఇచట సైనికపాలన 1985 వరకు 21 సంవత్సరములు సాగినది. 1968 డిసెంబరులో వెలువడిన అయిదవ సంస్థాగత శాసనముతో చట్టసభ కొంతకాలము మూతబడినది, పత్రికల గొంతు నొక్కబడినది, రాజకీయ ఖైదీలకు న్యాయస్థానముల రక్షణ తొలగిపోయినది. దేశాధ్యక్షుడెవరో సేనాధిపతులే నిర్ణయించుచుండిరి.

అట్టి కాలమున, 1982లో, సమాజశాస్త్రము చదివిన అడిల్సన్ మొంతెయిరో ఆల్వెస్ కొరింథియన్స్ ఫుట్‌బాల్ నిర్వాహకుడై ఆటగాండ్ర మాట చెవినిడగా, సోక్రటీస్, వ్లాదిమీర్, కాసాగ్రాండె మొదలగువారు క్లబ్బునే ఒక చిన్న ప్రజారాజ్యముగా మార్చిరి. కొత్త ఆటగాని చేర్చుకొనుట మొదలు సాధన వేళల వరకు ప్రతి విషయమును ఓటుకు పెట్టిరి. ఆటగాండ్ర దుస్తులు సర్దు పనివానికిని, దేశమంతయు కొనియాడు సోక్రటీసునకును తలా ఒక్కటే ఓటు. మ్యాచ్‌లకు ముందు ఆటగాండ్రను హోటలులో కట్టడి చేయు పాత ఆచారమును సైతము ఆ ఓటే సడలించినది. ఆ నవంబరు 15న రాష్ట్ర గవర్నర్లను ప్రజలే ఎన్నుకొను అవకాశము రాగా, 15వ తేదీన ఓటు వేయుడని చొక్కాల వెనుక వ్రాసికొని వారు మైదానమున దిగిరి. క్రమశిక్షణ చెడి జట్టు నశించునన్నవారికి 1982, 1983 సంవత్సరముల రాష్ట్ర విజేతృత్వములే సమాధానమైనవి. 1983 తుదిపోరునకు వచ్చునప్పుడు, గెలిచినను ఓడినను ప్రజాస్వామ్యముతోనేయని చాటు పతాకమును వారు ముందు పట్టుకొని నడచిరి.

1984లో, అధ్యక్షుని నేరుగా ఎన్నుకొను హక్కు కావలెనని దేశమంతట ఉద్యమము లేచినప్పుడు, సావో పాలో నడిబొడ్డున కూడిన మహాజనసందోహము ఎదుట సోక్రటీసు, ఆ రాజ్యాంగ సవరణ నెగ్గినచో ఇటలీకి పోక ఇచటనే ఉందునని మాటయిచ్చెను. ఏప్రిల్ 25న సవరణకు 298 ఓట్లు వచ్చినవి, కావలసినవి 320. 22 ఓట్ల కొరతతో అది వీగిపోగా ఆయన ఇటలీలోని ఫియోరెంటినా క్లబ్బునకు వెడలిపోయెను. అభిమానులు ఆయనను నిందింపలేదు. తమతోపాటు ఓడినవానిని నిందించుటకు మనసు రాదు గదా.

మద్యపానము ఆయన ఆరోగ్యమును హరించినదన్న సంగతిని వారు దాచరు. 57వ యేట, 2011 డిసెంబరు 4వ తేదీ ఆదివారము వేకువన ఆయన మరణించెను. ఆ సాయంత్రమే పకయెంబు మైదానమున కొరింథియన్స్ పాల్మైరాస్ జట్టుతో మ్యాచ్ సమముగా ముగించి జాతీయ విజేతయైనది. ఆటకు ముందు మైదానపు నడుమ ఆటగాండ్రును, మెట్లపై వేలాది అభిమానులును కుడి పిడికిలి పైకెత్తి నిలిచి ఆయనకు వీడ్కోలు పలికిరి.

1989 నవంబరు 15న బ్రెజిల్ ప్రజలు 29 సంవత్సరముల పిమ్మట తమ అధ్యక్షుని ఎన్నుకొనుటకు నేరుగా ఓటు వేసిరి. ఆ హక్కును సాధించినది లక్షలాది సామాన్యులు. అది తమ చేతులలో ఎట్లుండునో వారికి ముందుగా రుచి చూపినది ఒక ఫుట్‌బాల్ జట్టు. ఓటుహక్కు ఉన్న దేశముననే పుట్టిన మన యువకులు, దానికొరకు ఇంతగా పరితపించినవారి ఈ కథను ఒక్కమారు చదివి, ఎన్నికల నాడు ఇంటిపట్టున ఉండిపోకుందురు గాక.