యౌవనారంభం

బాల్యం ముగిసి సంతానోత్పత్తి సామర్థ్యం వచ్చేవరకు శరీరం మారే దశ. సాధారణంగా ఆడపిల్లల్లో 8–13, మగపిల్లల్లో 9–14 ఏళ్ల మధ్య మొదలవుతుంది.

పైకేమీ కనిపించకముందే మెదడులో పని ఆరంభమవుతుంది. హైపోథాలమస్‌లోని కిస్‌పెప్టిన్ నాడీకణాలు చురుకై జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోనును విడతలు విడతలుగా, తొలినాళ్లలో ముఖ్యంగా రాత్రి నిద్రలో, విడుదల చేయిస్తాయి. దాంతో పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. వాటి ప్రేరణతో అండాశయాలు ఈస్ట్రోజెన్‌ను, వృషణాలు టెస్టోస్టెరాన్‌ను తయారుచేస్తాయి. చంకల్లో రోమాలకు, చెమట వాసనకు అడ్రినల్ గ్రంథులూ కారణమే.

ఆడపిల్లల్లో సాధారణంగా తొలి గుర్తు రొమ్ము మొగ్గ. ఒకవైపే ముందు గట్టిగా, నొప్పిగా తగిలితే గడ్డేమోనని తల్లులు హడలిపోతారు. అది చాలావరకు సహజమే. రజస్వల కావడం సుమారు రెండు, రెండున్నరేళ్ల తర్వాత. మొదటి ఒకటి రెండేళ్లు అండం క్రమంగా విడుదల కాదు కనుక నెలసరి అటూఇటూ అవుతుంది. పెద్దమనిషైన పిల్లకు తెలుగు ఇళ్లలో నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి పెడతారు. మంచిదే, కానీ నెలనెలా రక్తం పోయే పిల్లకు ఇనుము ఉన్న ఆహారం ఏడాది పొడవునా కావాలి.

మగపిల్లల్లో వృషణాలు 4 మిల్లీలీటర్ల పరిమాణానికి చేరడం ఆరంభ సూచన. తర్వాత స్వరపేటిక పెరిగి గొంతు మారుతుంది. చాలామందికి రొమ్ము కాస్త ఉబ్బి, ఒకటి రెండేళ్లలో దానంతటదే తగ్గుతుంది. సిగ్గుతో నలుగురిలో చొక్కా విప్పని పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పడం పెద్దల బాధ్యత.

ఎముకల చివర్లలోని ఎదుగుదల పలకలు మూసుకునేది ఇద్దరిలోనూ ప్రధానంగా ఈస్ట్రోజెన్ వల్లే. మగవారిలో టెస్టోస్టెరాన్‌లో కొంత భాగం ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. యౌవనం మరీ ముందొస్తే ఈ పలకలూ ముందే మూసుకుంటాయి. అందుకే అలాంటి పిల్లలు మొదట తోటివారికంటే పొడుగ్గా ఉన్నా, చివరికి పొట్టిగా మిగిలిపోవచ్చు.