చేతికొచ్చిన పటం

అడ్వెంచర్ రేస్ గురించి కొత్తవాళ్ళకి ముందుగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది: అందులో గీసిపెట్టిన దారి ఉండదు. పరుగు, సైకిలు, పడవ, తాడు పట్టుకుని కొండ దిగడం ఇవన్నీ ఉంటాయి, నిజమే. కానీ అసలు పందెం అంతకు ముందే మొదలవుతుంది. జట్టు చేతిలో ఒక పటం పెడతారు. దాని మీద కొన్ని చుక్కలు. ఏ చుక్కకి ఎటునుంచి పోవాలో మనమే తేల్చుకోవాలి. జీపీఎస్ నిషిద్ధం. కాంటూరు గీతలు చదవడం రానివాడు ఎంత వేగంగా పరిగెత్తినా తప్పుడు లోయలోకే చేరతాడు.

నేను ఇలాంటి ఒకరోజు రేసులు మూడు చేశాను, మూడూ సహ్యాద్రి కొండల్లోనే. ఈ ఆట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే, ఇది ఆటల చరిత్ర కన్నా ఎక్కువగా పటాల చరిత్ర అనిపించింది.

మొదలు స్వీడన్, నార్వే సైన్యాల్లో. తెలియని నేల మీద పటం, దిక్సూచి సాయంతో దారి కనుక్కోవడం 19వ శతాబ్దం చివర్లో అక్కడి సైనికుల శిక్షణలో భాగం. దాని పేరే ‘ఓరియంటేరింగ్’. 1897లో నార్వేలో మామూలు జనం కోసం ఒక పోటీ జరిగింది. 1919లో ఎర్నెస్ట్ కిల్లాండర్ అనే స్వీడిష్ సైన్యాధికారి స్టాక్‌హోమ్ దగ్గర పెద్ద పోటీ పెట్టాడు. యువకులకి మైదానం చుట్టూ పరిగెత్తడం మీద మోజు తగ్గుతోందని, అడవిలోకి పంపితే మళ్ళీ పరిగెడతారని ఆయన ఆలోచన. 1930ల్లో సిల్వా దిక్సూచి వచ్చింది. పారదర్శకమైన పలక మీద అమర్చిన ఆ దిక్సూచిని పటం మీద పెట్టి తిప్పితే చాలు, కోణం తెలిసిపోతుంది. అధికారి విద్య బడిపిల్లల చేతికి అందింది.

పరుగుకి సైకిలు, కయాక్ తోడైంది న్యూజిలాండ్‌లో. 1983లో రాబిన్ జడ్కిన్స్ మొదలుపెట్టిన ‘కోస్ట్ టు కోస్ట్’ పందెం దక్షిణ దీవిని ఒక తీరం నుంచి ఇంకో తీరం దాకా అడ్డంగా దాటిస్తుంది. మొదట రెండు రోజుల పందెం, తర్వాత ఒక్క రోజులో పూర్తిచేసే విభాగం కూడా వచ్చింది. 1989లో జెరార్డ్ ఫ్యూసిల్ అనే ఫ్రెంచి పాత్రికేయుడు అదే దేశంలో ‘రెయిడ్ గొలువాజ్’ నడిపాడు. రోజుల తరబడి సాగే పందెం, అయిదుగురి జట్టు, అందులో ఒక మహిళైనా ఉండి తీరాలి. ఇవాళ మేం పాటించే నియమాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

మరి మన దగ్గర? పటం ప్రయాణం ఇక్కడ వేరే దారిన సాగింది. సర్వే ఆఫ్ ఇండియా పుట్టింది 1767లో, ఈస్టిండియా కంపెనీ కోసం. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ మహా త్రికోణమితి సర్వేకి ఆధారరేఖ కొలిచాడు. శిఖరానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ 1818 చివర్లో హైదరాబాదు వచ్చి ఆయనతో చేరాడు. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరాన పడి, కోలుకోవడానికి ఆఫ్రికా చివర ఉన్న కేప్‌కి వెళ్ళాల్సి వచ్చింది. అంటే నిజాం రాజ్యపు గుట్టలమీద జెండాలు పాతి గీసిన పటాలన్నమాట. చూపుకి అడ్డొచ్చిన చెట్లు కొట్టినవాళ్ళు, సామాన్లు మోసినవాళ్ళు మన ఊళ్ళవాళ్ళే అయినా, ఆ పటాలు సైన్యానికీ శిస్తుకీ పనికొచ్చాయి తప్ప వాళ్ళకి కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా సరిహద్దుల, తీరప్రాంతాల షీట్లు మామూలు జనానికి అందేవి కావు. 2005 జాతీయ పటాల విధానం రక్షణకి ఒక వరుస, ప్రజలకి ఒక వరుస అని విడదీసింది. 2017లో ప్రజల వరుస పటాలు ఆధార్ నంబరుతో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే వీలొచ్చింది. 2021లో పటాలు తయారుచేయడం మీద ఆంక్షలు చాలావరకు ఎత్తేశారు. స్వీడన్ పిల్లలు వందేళ్ళ క్రితం ఆడుకున్న వస్తువు మన చేతికొచ్చింది నిన్నగాక మొన్న.

అయితే అందరి చేతికీ రాలేదు. రెండో రేసులో ఒక పల్లె బయట ఆగి పటం విప్పాం. మేకలు తోలుకొస్తున్న పెద్దాయన మమ్మల్ని చూసి నిలబడిపోయాడు. “మోజణీకి వచ్చారా?” అన్నాడు మరాఠీలో. మోజణీ అంటే భూమి కొలత. గొంతులో స్నేహం లేదు. ఆ గొంతు నాకు తెలుసు. మా ఊళ్ళో సర్వేయరు గొలుసు పట్టుకుని గట్టెక్కితే మా తాతయ్య గొంతూ అలాగే మారేది. కొలత అయ్యాక పొలం ఎప్పుడూ పెరగదు, తగ్గితే తగ్గుతుందని ఆయన అనేవాడు.

మా జట్టులో మరాఠీ వచ్చిన అమ్మాయి నవ్వి, “లేదు కాకా, పందెం” అంది. ఆయన నమ్మలేదు. పటం ఆయన చేతికే ఇచ్చింది. కాసేపు చూసి వాగు గుర్తుపట్టాడు. తర్వాత వేలితో గుట్ట వెనక్కి చూపించి, గుడి పక్కనుంచి కాలిబాట ఉందని చెప్పాడు. మా పటంలో ఆ గుడీ లేదు, బాటా లేదు. పెన్నుతో గీసుకున్నాం.

వెళ్ళబోతుంటే, ఈ కాగితం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఆయన ఊరి షీటు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోందని చెప్పాం. ఎవరికి ఇస్తోంది, అన్నాడు. అడిగినవాళ్ళకి, అన్నాం. అడగొచ్చని తనకెవరూ చెప్పలేదన్నాడు.