కాల్చెయ్ అనుకున్న క్షణం

డార్క్ థ్రిల్లర్లంటే ఎందుకంత ఇష్టమని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’. బోంగ్ జూన్-హో 2003లో తీసిన ఈ కొరియన్ సినిమాని ఇంజనీరింగ్ హాస్టల్లో చూశాను. హంతకుడెవరో చెప్పకుండానే అయిపోయింది. చిరాకేసింది. ఈమధ్య దాని వెనకున్న చరిత్ర చదివి మళ్ళీ చూస్తే ఆ చిరాకు నామీదకే మళ్ళింది.

దక్షిణ కొరియాలోని హ్వాసాంగ్ ప్రాంతంలో 1986 నుంచి 1991 దాకా పదిమంది స్త్రీలు, బాలికలు హత్యకు గురయ్యారు. మొదటి హత్యలు జరిగేనాటికి దేశం చున్ డూ-హ్వాన్ సైనిక పాలనలో ఉంది. 1987 జూన్‌లో ప్రజాస్వామ్యం కోసం జనం వీధుల్లోకి వచ్చారు. సినిమాలో ఆ కాలమంతా కనిపిస్తుంది. ఈ రాత్రి ఇంకో హత్య జరగొచ్చు, బలగాలు పంపండి అని డిటెక్టివులు అడిగితే, అందరూ ప్రదర్శనని అణచడానికి వెళ్ళారన్న జవాబు వస్తుంది. ఇంకోచోట డ్రిల్ సైరన్ మోగి ఊరంతా లైట్లార్పేస్తే, ఆ చీకట్లోనే ఒక స్కూలు పిల్ల చనిపోతుంది.

అక్కడి పోలీసులకి దర్యాప్తంటే కొట్టి ఒప్పించడమే. సియోల్ నుంచి వచ్చిన డిటెక్టివ్ మాత్రం ఫైళ్ళని, ఆధారాలని నమ్ముతాడు. చివరికి అతనే, డీఎన్ఏ సరిపోలలేదని రిపోర్టు వచ్చినా, రైలు పట్టాల దగ్గర వానలో అనుమానితుడి మీద తుపాకీ ఎక్కుపెడతాడు. కాల్చెయ్ అనుకున్నాను నేను కూడా. ఇలాంటి సినిమాల ఆకర్షణ అక్కడే ఉందేమో. ఎవరో ఒకరు దొరికితే చాలనిపించేలా మనల్ని అలవాటు చేస్తాయి.

అలా ‘దొరికినవాడు’ నిజంగానే ఉన్నాడు. 1988లో 13 ఏళ్ల బాలికని చంపిన కేసులో, పోలియోతో కాలు దెబ్బతిన్న ఒక యువకుడి చేత పోలీసులు నేరం ఒప్పించారు. అతను సుమారు 20 ఏళ్లు జైల్లో ఉన్నాడు. 2019లో పాత ఆధారాల మీది డీఎన్ఏ, వేరే హత్యకి యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఖైదీతో సరిపోలింది. ఈ పదితో కలిపి 14 హత్యలు తనే చేశానని ఆ ఖైదీ ఒప్పుకున్నాడు. కాలపరిమితి 2006లోనే తీరిపోవడంతో వీటికి శిక్ష వేసే వీల్లేదు. ఆ యువకుణ్ణి 2020 డిసెంబరులో కోర్టు నిర్దోషిగా తేల్చింది. అప్పటికి అతని యవ్వనమంతా అయిపోయింది.

పోలిక చిన్నదే గానీ చెప్తాను. ఒకసారి అర్ధరాత్రి సర్వర్ పడిపోతే, లాగ్స్ పూర్తిగా చూడకుండానే ఒక జూనియర్ పేరు చెప్పేశాను. తప్పు అతనిది కాదని తెల్లారాక తెలిసింది. పేరు చెప్పగానే నాకు కలిగిన నిశ్చింత మాత్రం ఇంకా గుర్తుంది.

సినిమా చివరి షాట్‌లో మాజీ డిటెక్టివ్ నేరుగా కెమెరాలోకి చూస్తాడు. అసలు హంతకుడు ఎప్పుడైనా ఈ సినిమా చూడొచ్చన్న ఆలోచనతో బోంగ్ అలా తీశాడు. ఈసారి ఆ చూపు నన్నూ తాకింది.