బాతు అరికాలి ఆనికాయ

బాతును చంకలో ఇరికించుకుని కాలు తిప్పి చూస్తే, వేళ్లన్నీ కలిసే చోట, నడి అరికాలిలో చిన్న మెత్త కనిపిస్తుంది. బాతు ఆరోగ్యంగా ఉంటే అది నున్నగా, వేలితో నొక్కితే లోపలికి పోయేలా ఉంటుంది. జబ్బు చేస్తే ఆ మెత్త నడుమ నల్లటి చెక్కు కడుతుంది, చుట్టూ వాచి వేడిగా తగులుతుంది. చెక్కు కింద మేకు తలలాంటి గట్టి ముద్ద ఒకటి దిగబడి ఉంటుంది. చూడబోతే మన కాళ్లకు వచ్చే ఆనికాయే అనిపిస్తుంది కానీ కాదు. పగిలిన చర్మంలోంచి సూక్ష్మజీవి లోపలికి దూరింది, ఒళ్లు దాని చుట్టూ గోడ కడుతోంది. ఇంగ్లీషులో దీని వాడుక పేరు బంబుల్‌ఫుట్. పశువైద్యులు పోడోడెర్మటైటిస్ అంటారు. కోళ్లకూ, డేగలకూ కూడా వస్తుంది.

అసలు బాతుకు ఇది రావడమే విడ్డూరం. అడవి బాతు కిలో, కిలోంపావు తూగుతుంది. బురదలోనో పచ్చికలోనో నాలుగడుగులు వేసి మళ్లీ నీళ్లలోకి దిగిపోతుంది. నీటి మీద తేలుతున్నంతసేపూ పాదానికి బరువన్నదే తెలియదు. మనం దాన్ని మూడు నాలుగు కిలోలకు మేపి, నీళ్లకు దూరంచేసి, గట్టి నేల మీద నిలబెట్టాం. అందుకే ఈ జబ్బు చరిత్రను మందుల వరసగా చెప్పడం నాకు అంతగా రుచించదు. బాతు కాళ్ల కింద ఏ కాలంలో ఏం పరిచారన్నదే అసలు కథ.

ఆ లెక్కన మొదట చెప్పుకోవలసినవాడు రోమన్ రైతు రచయిత కొలుమెల్లా. క్రీ.శ. మొదటి శతాబ్దంలో వ్యవసాయం మీద 12 సంపుటాలు రాసి, ఎనిమిదోదాన్ని పెరటి జీవాలకు కేటాయించాడు. బాతుల దొడ్డికి 15 అడుగుల గోడ కట్టాలన్నాడు, పైన వల కప్పాలన్నాడు. నడుమ చెరువు తవ్వి, గట్టు వాలుగా దించి, చుట్టూ గడ్డి పెంచాలన్నాడు. ఆయన ధ్యాసంతా బాతు ఎగిరిపోకుండా చూడటం మీదే గాని పాదాల మీద కాదు. అయినా వాలుగట్టు, పచ్చిక, నీళ్లు మూడూ ఒక్కచోట ఉన్న ఆ దొడ్డిలో అరికాలు పగలడానికి సందు తక్కువ.

మధ్యయుగాల్లో పక్షి పాదానికి నిజంగా వైద్యం జరిగింది. కాకపోతే బాతుకు కాదు, బాతును వేటాడే డేగకు. డేగ రాజుగారి సొత్తు మరి. 13వ శతాబ్దపు చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ డేగవేట మీద పెద్ద గ్రంథమే రాశాడు. డేగ కూర్చునే కర్ర ఎలా ఉండాలి, దిమ్మ ఎలా ఉండాలి, కాలికి కట్టే తోలుపట్టీ ఎలా ఉండాలి అని విడమరిచి చెప్పాడు. పాదాల వాపును ఆనాటివాళ్లు మనుషుల గౌటు జబ్బుతో పోల్చి పొడాగ్రా అనేవారు. మన దేశంలోనూ కుమావూ రాజు రుద్రదేవుడు సంస్కృతంలో శ్యైనికశాస్త్రం రాసి, డేగల రోగాలకూ మందులకూ అందులో చోటిచ్చాడు. కుంటే బాతుకు మాత్రం ఏ భాషలోనైనా ఒకటే చికిత్స: పొయ్యి మీది కుండ. ఇందులో క్రూరత్వం కన్నా లెక్కే ఎక్కువ. పక్షి వెల కన్నా వైద్యం ఖర్చు మించితే ఎవరు చేయిస్తారు?

ఆ లెక్క తిరగబడిన సందర్భం ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. రైళ్లు రాకముందు ఇంగ్లండులో పక్షులను సంతకు నడిపించుకుని పోయేవారు. 1720ల్లో దేశమంతా తిరిగి రాసిన డేనియల్ డెఫో, తూర్పు జిల్లాల నుంచి లండనుకు సాగే పెద్దబాతుల మందల గురించి చెప్పాడు. ఆగస్టులో మొదలై అక్టోబరు చివరికి ఆ నడక ఆగిపోయేదట, ఆపైన రోడ్ల బురదలో వాటి వెడల్పాటి పాదాలు సాగవు గనక. బకింగ్‌హామ్‌షైర్‌లోని ఎయిల్స్‌బరీ తెల్లబాతులకూ లండను 40 మైళ్ల దూరం. బయలుదేరే ముందు వాటిని చల్లారిన తారులోంచి నడిపించి, వెంటనే ఇసుక మీదికో రంపపు పొట్టు మీదికో తోలేవారు. అరికాలికి అట్టకట్టి చెప్పులా తయారయ్యేది. పాదం చిల్లి పడ్డాక వైద్యం చేయడం కాదు, పడకముందే కాపాడటం. ఏ డాక్టరూ చెప్పకుండా మందలు తోలేవాళ్లే కనిపెట్టిన కిటుకు. 1839లో ఎయిల్స్‌బరీకి రైలు రావడంతో తారు చెప్పుల అవసరం తీరిపోయింది.

మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో మందల నడక ఇంకా ఉంది. వరి కోతలయ్యాక రాలిన గింజల కోసం, నత్తల కోసం బాతులను చేలల్లోకి తోలుతారు. తమిళనాడు నుంచి కూడా మందలు వస్తాయి. తడి మడి బాతు పాదానికి మేలే. కొయ్యకాళ్లు, గట్ల మీది ముళ్లు, తారురోడ్డు దాటింపులు మాత్రం గీరుతాయి. ఆ గీరుడే క్రిమికి వాకిలి.

ఆ క్రిమి ఎవరో తెలిసింది 19వ శతాబ్దం చివర్లో. స్కాట్లండులోని అబర్డీన్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1880లో మనుషుల చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టి, ద్రాక్షగుత్తుల్లాంటి క్రిములను చూశాడు. వాటికి స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టాడు. 1884లో జర్మన్ వైద్యుడు రోజెన్‌బాక్ బంగారు రంగు రకాన్ని ఆరియస్‌గా వేరుచేశాడు. బాతు అరికాల్లో తరచు దొరికే దొంగ ఇదే. 1928లో ఫ్లెమింగ్ పళ్లెంలో పెన్సిలిన్ బూజు చంపిందీ ఈ కుటుంబపు క్రిమినే.

మందు దొరికింది కదా, ఇక జబ్బు తీరిపోవాలి. తీరలేదు. కారణం పక్షి చీములోనే ఉంది. మన తెల్లకణాలు చీమును నీరుగార్చుతాయి, అందుకే మన కురుపు చితికితే కారిపోతుంది. పక్షుల తెల్లకణాల్లో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము లేదు. వాటి చీము జున్నుముక్కలా గట్టిపడి అక్కడే కూర్చుంటుంది. కత్తితో గాటు పెడితే కారదు, తవ్వి తీయాలి. నోటికి వేసిన మందు నెత్తురు ద్వారా ఆ ముద్ద లోపలికి చేరదు. పైగా 1940ల్లోనే పెన్సిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ బయటపడింది. గుడ్ల కోసం పెంచే బాతుకు యాంటీబయాటిక్ పెడితే ఆ శేషం మన పళ్లెంలోకి రావడం మరో తలనొప్పి.

20వ శతాబ్దంలో ఫారాల లెక్క వేరు. తీగజాలీ మీద, తడిసిన ఊక మీద వేల బాతులు. 1937లో శాస్త్రవేత్త ఎల్వెజెమ్ నియాసిన్ అనే విటమిన్ గుట్టు విప్పాక తెలిసిందేమంటే, బాతుపిల్లలకు అది కోడిపిల్లల కన్నా ఎక్కువ కావాలి. కోడి దాణాతోనే సరిపెడితే కాళ్లు వంకరపోతాయి. వంకర కాలు బరువును అడ్డదిడ్డంగా మోస్తుంది. ఎ విటమిన్, బయోటిన్ తగ్గినా అరికాలి తోలు పొడిబారి పగులుతుంది.

శస్త్రచికిత్స పాఠాలు మళ్లీ డేగల నుంచే వచ్చాయి. 1978లో బ్రిటిష్ పశువైద్యుడు జాన్ కూపర్ ఈ జబ్బును తీవ్రతను బట్టి మూడు తరగతులు చేశాడు. గల్ఫ్‌లో డేగ అంటే ఇప్పటికీ ప్రాణం. 1983లో వెలిసిన దుబాయ్ ఫాల్కన్ ఆసుపత్రిలో పనిచేసిన డేవిడ్ రెంపుల్, ముద్ద తీసేసి పాదం మీద బరువు పడకుండా ఆనించే పద్ధతులకు మెరుగులు దిద్దాడు. ఇప్పుడు బాతులకూ దారి అదే. తొలిదశలో గోరువెచ్చని నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ వేసి పాదం నానబెట్టడం, పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేయడం, మెత్తటి పడక వేయడం, ఈత కొట్టనివ్వడం. ముద్ద లోతుగా ఉంటే మత్తిచ్చి పశువైద్యుడు తీయాలి. ఇంట్లో బ్లేడు పట్టుకుని గెలకడం నాకు ససేమిరా నచ్చదు. ఆ మెత్త కిందే స్నాయువులూ ఎముకా ఉంటాయి, క్రిమి అక్కడికి చేరితే కాలు దక్కడం కష్టం.

నీళ్లిస్తే చాలదా అంటే, అదీ సూటిగా లేదు. ఫారం బాతులు తల ముంచుకునేంత నీరైనా ఇవ్వాలని యూరప్ మండలి కమిటీ 1999లో సిఫారసు చేసింది. ఆక్స్‌ఫర్డ్‌లో మేరియన్ డాకిన్స్ బృందం 2009లో తొట్టెలు, షవర్లు కూడా చెరువులాగే పనికొస్తాయని చూపింది. కానీ షెడ్డులో నీళ్లు పెట్టిన చోటల్లా పడక తడుస్తుంది, తడి పడకలో అమ్మోనియా పుడుతుంది, అది మళ్లీ అరికాలినే కాలుస్తుంది. నీటితొట్టె కింద జాలీ వేసి తడిని కిందికి వదిలే ఫారాలు ఈ చిక్కును కొంత విప్పాయి.

పెరటి బాతుల ముచ్చట తీర్చుకునేవాళ్లు మాత్రం నియోప్రీన్ జోళ్లు తొడుగుతున్నారు. గాయం మీద కట్టు, కట్టు మీద జోడు, నడుమ అరికాలికి గుండ్రంగా చిల్లి పెట్టిన ఫోమ్. ఎయిల్స్‌బరీ తారు చెప్పు కన్నా చూడముచ్చటగా ఉంటుంది. బాతు మాత్రం ముక్కుతో పీకి, తెల్లారేసరికి నీటితొట్టెలో పారేస్తుంది.