పాటల కొట్టును నిలబెట్టేదెవరు?

"సర్వీసు నాటి అనుభవాలు అందరూ రాస్తున్నారు, మీరు ఏదైనా చరిత్ర విషయం రాయండి" అని మన సంఘం కార్యదర్శిగారు ఈ ప్రత్యేక సంచిక కోసం అడిగారు. నేను చరిత్రకారుణ్ణి కాను. అయితే నా కళ్ళ ముందు పుట్టుకొచ్చి, నా కళ్ళ ముందే కనుమరుగైన ఒక వ్యాపారం ఉంది. అది గ్రామఫోను రికార్డుల వ్యాపారం. ఆ కొట్లు కొన్ని ఊళ్ళలో ఎందుకు మూతపడ్డాయి, ఒక ఊళ్ళో మాత్రం ఎలా నిలబడింది అన్నది నాకు తెలిసినంతలో మనవి చేస్తాను. అందులో నా తప్పు కూడా కొంత ఉంది. అది కూడా దాచకుండా చెబుతాను.

ప్లేటు మన దేశానికి వచ్చిన కథ

మాట్లాడే యంత్రాన్ని ఎడిసన్ 1877లో కనిపెట్టాడు. అందులో పాట గొట్టం లాంటి సిలిండరు మీద నమోదయ్యేది. దాని బదులు పళ్ళెం లాంటి బిళ్ళ మీద పాటను ముద్రించే పద్ధతిని ఎమిల్ బెర్లినర్ 1887లో తెచ్చాడు. మన పెద్దలు దాన్ని "గ్రామఫోను ప్లేటు" అన్నది అందుకే. 1902 నవంబరులో లండను గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. అప్పట్లో ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఏ పాట ఎవరిదో అక్కడి వారికి తెలియాలి గనుక ఆవిడ పాట చివర తన పేరు తానే చెప్పేవారట. 1908 నాటికి కలకత్తాలోనే ప్లేట్లు అచ్చువేసే కర్మాగారం వెలిసింది. ఆ ప్లేట్లకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. అది మన అడవుల్లో దొరికేదే.

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పాడేది. రంగస్థలం మీద అరగంట సేపు రాగం తీసే మన పద్యనటులు ఆ మూడు నిమిషాలకు రాగాన్ని కుదించుకోవలసి వచ్చింది. అయినా వారి గొంతులు నాటకాలు ఆడని పల్లెలకు సైతం చేరాయంటే ఆ ప్లేట్ల చలవే.

ఆ ప్లేట్లను ఊరూరా చేర్చినది కంపెనీలు కావు, చిన్న చిన్న కొట్లు. ఏ ఊరివారు ఏ పాట కోరుతున్నారో కంపెనీ దొరలకు తెలియదు, కొట్టువాడికి తెలుసు. ఇందుకు గొప్ప ఉదాహరణ ఎ.వి. మెయ్యప్పన్. కారైకుడిలో తండ్రిగారి దుకాణంలో రికార్డులు అమ్మిన ఆయన 1930ల మొదట్లో భాగస్వాములతో కలిసి మద్రాసులో సరస్వతి స్టోర్స్ పెట్టి, జర్మనీకి చెందిన ఓడియన్ కంపెనీతో కలిసి దక్షిణాది పాటల రికార్డులు తీసుకొచ్చారు. ఆ తరువాత సినిమాల్లోకి వెళ్ళారు. 1940 నాటి తెలుగు 'భూకైలాస్' ఆయన నిర్మించినదే. ఎ.వి.ఎం. స్టూడియో మొదలు వెతికితే ఒక రికార్డుల దుకాణంలో తేలుతాం.

తెనాలిలో ఒక కొట్టు

నేను 1969లో ఉద్యోగంలో చేరాను. రెండేళ్ళ తరువాత తెనాలికి బదిలీ అయింది. నాటకాల ఊరు. అక్కడ బజారులో ఒక రికార్డుల కొట్టు ఉండేది. ముందు భాగంలో గడియారాలు, ఫ్యాన్లు, లోపల చెక్క అరల్లో నిలువుగా పేర్చిన రికార్డులు. కొట్టు పెద్దాయన పంచె, లాల్చీ, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. ఏ పద్యం ఎవరు పాడారు, ఏ కంపెనీ, ఏ వైపు ఉంది అన్నది పుస్తకం చూడకుండా చెప్పేవారు. "గుమాస్తాగారూ, కొనకపోతే పోయె, కూర్చుని వినండి" అని స్టూలు జరిపేవారు. ఆఫీసు వదిలాక రోజూ అక్కడ చేరే బడిపంతుళ్ళు, నాటకాలవాళ్ళు, మాబోటి గుమాస్తాలు ఏడెనిమిది మంది ఉండేవాళ్ళం.

డి.ఏ. బకాయిలు చేతికొచ్చినప్పుడు నేను మొదటి ఎల్.పి. కొన్నాను. ఆ తరువాత కొన్నవాటిలో ఘంటసాలగారి భగవద్గీత ఒకటి. మా ఇంట్లో ప్లేయరు ఉన్నదని వీధిలోని ముసలమ్మలు తెల్లవారుజామునే వచ్చి అరుగు మీద కూర్చునేవారు. మా శ్రీమతి విసుక్కుంటూనే వారికి కాఫీలు ఇచ్చేది.

ఇంతలో క్యాసెట్టు వచ్చింది. ఫిలిప్స్ కంపెనీ దాన్ని 1963లోనే తెచ్చినా మన ఊళ్ళలో దాని జోరు 1980లలోనే. ఖాళీ క్యాసెట్టు, పాటల జాబితా రాసిన కాగితం ఇస్తే రికార్డింగు సెంటరు వాళ్ళు మర్నాటికల్లా మనకు కావలసిన పన్నెండు పాటలు ఎక్కించి ఇచ్చేవారు. ఎల్.పి. ఖరీదులో ఎన్నో వంతో! అది పాడినవారికి, రాసినవారికి దక్కవలసిన పైకం ఎగ్గొట్టడమేనన్న ఆలోచన అప్పట్లో మనలో ఎవరికీ రాలేదు. నేనూ టేప్‌రికార్డరు కొన్నాను. తరువాత కూడా ఆ పెద్దాయన కొట్టుకు వెళ్ళేవాణ్ణి. స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఆయన వినిపించిన పాటల పేర్లు గుర్తుపెట్టుకుని, బయటకు వచ్చి, జాబితాలో రాసుకుని రికార్డింగు సెంటరులో ఇచ్చేవాణ్ణి. ఆయనకు తెలిసే ఉంటుంది. ఒక్కనాడూ అనలేదు.

నాకు గుంటూరు బదిలీ అయింది. ఏదో పని మీద తెనాలి వెళ్ళినప్పుడు చూస్తే కొట్టు స్థానంలో చెప్పుల దుకాణం ఉంది. మూసి నాలుగు నెలలైందన్నారు. పెద్దాయన కొడుకు దగ్గరకు వెళ్ళిపోయారట. రోజూ కూర్చున్న ఆ ఏడెనిమిది మందిలో ఒక్కరమూ "వ్యాపారం ఎలా ఉందండీ?" అని అడిగిన పాపాన పోలేదు. మాకు ఆయన మీద అభిమానం లేక కాదు. కావలసినంత ఉంది. అయితే అభిమానం గల్లాపెట్టెలో పడదు కదా.

కార్డిఫ్‌లో ఏం జరిగింది?

మా అబ్బాయి కుటుంబం బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరంలో ఉంటుంది. అది వేల్స్ రాజధాని. 2019లో మేమిద్దరం అక్కడ మూడు నెలలు ఉన్నాం. ఒకరోజు కోడలు "మామయ్యగారూ, మీకు నచ్చే కొట్టు ఒకటి చూపిస్తాను రండి" అని మోర్గన్ ఆర్కేడ్‌కు తీసుకెళ్ళింది. అద్దాల పైకప్పు కింద రెండు వైపులా చిన్న దుకాణాలున్న పాతకాలపు వీధి అది. అందులో 'స్పిల్లర్స్ రికార్డ్స్' అనే కొట్టు ఉంది. 1894లో హెన్రీ స్పిల్లర్ అనే ఆయన మొదలుపెట్టినది. ప్రపంచంలోకెల్లా పాత రికార్డుల దుకాణమని దానికి పేరు. సిలిండర్ల కాలంలో పుట్టి 78 ప్లేట్లు, ఎల్.పి.లు, క్యాసెట్లు, సీడీలు అన్నీ చూసింది. మధ్యలో కొంతకాలం వాయిద్యాలు కూడా అమ్మింది.

ఈ కొట్టు 1940ల చివరి నుంచి 'ది హేస్' అనే వీధిలో ఉండేది. ఈ శతాబ్దం మొదట్లో ఆ పక్కనే పెద్ద వాణిజ్య సముదాయం కట్టడం మొదలైంది. దానితో చుట్టుపక్కల అద్దెలు పెరుగుతాయని, ఈ కొట్టు తట్టుకోలేదని 2006లో ఆందోళన బయలుదేరింది. వేల్స్ శాసనసభ సభ్యుడు ఓవెన్ జాన్ థామస్ మహజరు మొదలుపెట్టారు. వేలాది మంది సంతకాలు చేశారు. కుర్రతనంలో అక్కడే రికార్డులు కొనుక్కుని పెద్దవారైన మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్ అనే వేల్స్ గాయక బృందం కూడా గొంతు కలిపింది.

మహజరుతో కొట్టు ఆ వీధిలోనే శాశ్వతంగా ఉండిపోయిందా అంటే, లేదు. అద్దెల భారం తప్పలేదు. 2010లో అది మోర్గన్ ఆర్కేడ్‌కు మారింది. అదే సమయంలో పాత యజమాని కుమార్తెలు నిర్వహణ చేపట్టారు. అంటే ఊరివారు కాపాడింది భవనాన్ని కాదు, కొట్టును. సంతకాలతో అద్దె తగ్గదు. అయితే "మమ్మల్ని కావాలనుకునేవారు ఇంతమంది ఉన్నారు" అన్న ధైర్యం యజమానికి కలుగుతుంది. కొత్త చోటు వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది. సంతకం చేసినవారు కొత్త చోటుకు కూడా నడిచి వచ్చి డబ్బిచ్చి కొన్నారు. అసలు కిటుకు అక్కడే ఉంది.

బొంబాయిలో జరగనిది

ఇందుకు విరుద్ధమైన కథ మన దేశంలోనే ఉంది. బొంబాయి కాలా ఘోడా దగ్గర 'రిథమ్ హౌస్' 1948లో మొదలైంది. కొనే ముందు పాట వినడానికి ప్రత్యేకంగా చిన్న గదులుండేవి. సినిమా సంగీత దర్శకుల నుంచి కాలేజీ పిల్లల వరకు అందరూ అక్కడికి వచ్చేవారు. పైరసీ, ఇంటర్నెట్టు అమ్మకాల దెబ్బకు తట్టుకోలేక మూసేస్తున్నామని యజమానులు ప్రకటించినప్పుడు నగరమంతా బాధపడింది. పత్రికలు వ్యాసాలు రాశాయి. అయినా 2016 ఫిబ్రవరి 29న తలుపులు మూతపడ్డాయి. అందరం కలిసి కొని నిలబెడదామని ఆనంద్ మహీంద్రా వంటి పారిశ్రామికవేత్త బహిరంగంగా అన్నది 2018లో, అది మూతపడ్డ తరువాతే. ప్రేమకు లోటు లేదు. అది మూతపడే ప్రకటన తరువాత పొంగింది. అంతకు ముందు పదేళ్ళు నెలకొక్క సీడీగా పొంగి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. తెనాలిలో మేము చేసిందీ ఇదే.

ఒక పండుగ రోజు

ఇదే చిక్కును అమెరికాలోని చిన్న కొట్లవాళ్ళు మరో విధంగా ఎదుర్కొన్నారు. పెద్ద గొలుసు దుకాణాలు, ఇంటర్నెట్టు రెండూ మీద పడుతున్న సమయంలో 2007లో కొందరు యజమానులు కలిసి "రికార్డు దుకాణాల దినం" అనే ఆలోచన చేశారు. మొదటిది 2008 ఏప్రిల్ 19న జరిగింది. ఇప్పుడు ఏటా ఏప్రిల్‌లో ఒక శనివారం అనేక దేశాల్లో జరుగుతోంది. ఆ రోజు కోసం గాయకులు, కంపెనీలు కొన్ని ప్రత్యేక రికార్డులు పరిమితంగా అచ్చువేసి స్వతంత్ర దుకాణాలకే ఇస్తారు. కావలసినవారు స్వయంగా వెళ్ళి వరుసలో నిలబడాలి. కొట్లలోనే చిన్న కచేరీలు జరుగుతాయి.

దీనిలోనూ ఇబ్బంది లేకపోలేదు. ఆ సరుకు మిగిలితే వెనక్కి తీసుకోరు గనుక నష్టం కొట్టువాడిదే. పండుగనాడు గుడికి వచ్చే జనం మిగతా రోజుల్లో రాకపోతే పూజారికి గడవదు. అయినా కుర్రకారు కొట్టు గడప తొక్కడానికి అది దారి చూపింది. 2022లో అమెరికాలో సీడీల కంటే ఎల్.పి.లే ఎక్కువ అమ్ముడయ్యాయి, 4 కోట్ల 10 లక్షల ఎల్.పి.లు, 3 కోట్ల 30 లక్షల సీడీలు. 1987 తరువాత అలా జరగడం అదే మొదలు. బ్రిటన్‌లో 2024లో 67 లక్షల ఎల్.పి.లు అమ్ముడయ్యాయి. చచ్చిపోయిందని మనమంతా నీళ్ళు వదులుకున్న వస్తువు ఇది!

మనం చేయగలిగింది

ఫోనులో పాట వినవద్దని నేను అనను. నేనూ వింటున్నాను. అయితే సభ్యులకు కొన్ని మనవులు.

అటకల మీద ఉన్న రికార్డులను పాత ఇనుము వాడికి తూకానికి వేయకండి. పాత రికార్డులు కొని అమ్మేవారు నగరాల్లో ఇప్పటికీ ఉన్నారు. వారికి చేరితే వినేవారి చేతికి చేరతాయి, ఆ చిన్న వ్యాపారికీ బతుకుతెరువు దొరుకుతుంది. ఉంచుకునేవారు ఎండ, వేడి తగలని చోట నిలువుగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి దొంతర పేరిస్తే వంకర పోతాయి. పాత 78 ప్లేట్లను స్పిరిటుతో తుడవకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిటులో కరిగిపోతాయి.

మీ ఊళ్ళో పాటల కొట్టు లేకపోవచ్చు. పుస్తకాల కొట్టు ఉండవచ్చు, హార్మోనియాలు బాగుచేసే ముసలాయన ఉండవచ్చు. పింఛను వచ్చిన నెలలో ఒక్కసారి వెళ్ళి ఏదో ఒకటి కొనండి. వెళ్ళేటప్పుడు మనవణ్ణో మనవరాలినో వెంట తీసుకెళ్ళండి. "వ్యాపారం ఎలా ఉంది?" అని అడగండి. ఆ మాట మూతపడక ముందు అడగాలి.

కార్డిఫ్ కొట్టులో నేను చాలాసేపు నిలబడ్డాను. నాకు తెలిసిన పాట ఒక్కటీ లేదు. గల్లా దగ్గరున్న కుర్రవాడు ఏం కావాలని వినయంగా అడిగాడు. నాకు తోచక, మనవరాలు చూపించిన రికార్డు ఒకటి తీసుకుని డబ్బిచ్చాను. "ఇంట్లో ప్లేయరు లేదు కదండీ, ఎందుకు?" అంది శ్రీమతి. తెనాలి బాకీ అన్నాను. ఆవిడకు అర్థమైంది. ఇంకేమీ అనలేదు.