మన వెబ్‌సైటు చూసినవారెందరు? అందులో మనమెందరం?

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాము, తీరికగా చదవండి.

సర్వసభ్య సమావేశం దగ్గరపడుతోంది. నివేదికలో మన వెబ్‌సైటును ఏడాదిలో ఎన్నిసార్లు చూశారన్న అంకె ఒకటి ఉంటుంది. అది చదవగానే చప్పట్లు పడతాయి. ఆ అంకెను పట్టుకునే తెలుగు పేజీలకు ఎంత ఖర్చు పెట్టాలి, తమిళ పేజీలకు ఎంత పెట్టాలి అనే మాట కూడా నడుస్తుంది. అందుకని అంకె చదవకముందే ఒకటి అడగాలి. ఆ చూసినదాంట్లో పేజీలు రాసే, దిద్దే, సరిగా కనబడుతున్నాయా అని తెరిచి చూసే మనవాళ్ళ వాటా ఎంత? దాన్ని తీసేస్తే మిగిలేదెంత?

వెబ్‌సైట్లు పుట్టకముందే ఈ ప్రశ్న ఉంది. రైల్వేలో సరుకు లెక్క రాసినవారికి ఇది బాగా తెలుసు. రైలు ఊళ్ళో వర్తకుల సరుకే మోయదు, తన సరుకు తానూ మోసుకుంటుంది. ఇంజిన్లకు బొగ్గు, పట్టాల కింద వేసే కంకర, స్లీపర్లు, పట్టాలు. వ్యాగను అదే, లైను అదే, మోసిన టన్నులూ నిజమే. కానీ ఆ టన్నులకు బయటివాడెవడూ కిరాయి కట్టలేదు. అందుకని మన రైల్వే లెక్కల్లో మొదటినుంచీ రెండు వరుసలు ఉంటాయి: మొత్తం సరుకు ఒకటి, రాబడి తెచ్చిన సరుకు ఒకటి. 1950-51లో మొత్తం 9.30 కోట్ల టన్నులు ఎక్కించారు. అందులో రాబడి తెచ్చింది 7.32 కోట్లు. అంటే అయిదింట ఒక వంతుకు పైగా రైల్వే తన కోసం తాను మోసుకున్నదే! 2000-01కి వచ్చేసరికి మొత్తం 50.42 కోట్లు, రాబడి సరుకు 47.35 కోట్లు. సొంత సరుకు నూటికి ఆరు వంతులకు తగ్గింది. ఆవిరి ఇంజిన్లు పోయాయి కదా, వాటి బొగ్గూ పోయింది. ఒక్క వరుసే రాసి ఉంటే ఈ సంగతి ఎవరికీ కనబడేది కాదు.

పత్రికలవాళ్ళూ ఇంతే. మన దేశంలో పత్రికల ప్రతులు లెక్క చూసే ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ 1948లో ఏర్పడింది. అచ్చయిన ప్రతులు ఎన్ని అన్నది వాళ్ళకు ముఖ్యం కాదు, డబ్బిచ్చి కొన్నవారు ఎందరు అన్నదే ముఖ్యం. ప్రకటన ఇచ్చేవాడు అడిగేది కూడా అదే.

వెబ్‌సైట్ల సంగతికి వద్దాం. 1990లలో పేజీ అడుగున మోటారు బండి మీటరులాగా గిర్రున తిరిగే అంకెలు ఉండేవి, పాతవారికి గుర్తుండే ఉంటుంది. ఆ మీటరుకు మనిషి తెలియదు. పేజీ తెరిస్తే ఒకటి పెరుగుతుంది, మళ్ళీ తెరిస్తే మళ్ళీ ఒకటి. సొంతదారుడు తన పేజీని తానే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరుస్తూ కూర్చున్నా అది పెరుగుతూనే ఉంటుంది. మొదటి రోజే అంకెను సున్నాతో కాక పెద్ద సంఖ్యతో మొదలుపెట్టుకునే వీలు కూడా చాలా మీటర్లలో ఉండేది! ఎవరు వాడుకున్నారో వాళ్ళకే తెలియాలి.

దానికంటే నమ్మకమైనది సర్వరు రాసే చిట్టా. పేజీ అడిగిన ప్రతిసారీ సర్వరు ఒక వరుస రాసుకుంటుంది: ఏ ఐపీ చిరునామా నుంచి, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ పేజీ, ఇచ్చామా లేదా, ఎన్ని బైట్లు. మా కళ్ళకు అది స్టేషనులో రాసే రిజిస్టరులాగే కనబడుతుంది. ఈ చిట్టాను కూడి చెప్పే ప్రోగ్రాములు తొందరగానే వచ్చాయి. 1995లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో స్టీఫెన్ టర్నర్ అనే ఆయన అనలాగ్ అనేదాన్ని రాశాడు. అందులో ఫలానా చిరునామానుంచి వచ్చినవి లెక్కలోకి తీసుకోవద్దు అని చెప్పే ఆజ్ఞ ఉంది. ఆ రోజుల్లో విశ్వవిద్యాలయాల్లో, పెద్ద ఆఫీసుల్లో కంప్యూటరుకు స్థిరమైన చిరునామా ఉండేది కాబట్టి ఆ ఒక్క ఆజ్ఞతో పని జరిగిపోయేది. టర్నర్‌లో మాకు నచ్చింది ఇంకొకటి ఉంది. అంత బాగా లెక్క కట్టే ప్రోగ్రాము రాసి, దాంతోపాటే ఈ చిట్టా చూసి ఎందరు మనుషులు వచ్చారో నిజానికి చెప్పలేము అని వివరంగా రాసిపెట్టాడు. లెక్క రాసేవాడికి ఉండవలసిన నిజాయితీ అది.

తరువాత వెబలైజర్ వచ్చింది. అందులో రెండు మాటలు వేరువేరుగా ఉన్నాయి: ఒకటి దాచు, రెండోది వదిలేయి. ‘దాచు’ అంటే పట్టికలో మన పేరు కనబడదు కానీ మొత్తంలో మన వరుసలు కూడే ఉంటాయి. ‘వదిలేయి’ అంటే మొత్తంలోంచి కూడా పోతాయి. సంఘాల లెక్కలు చూసినవారికి ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. మనవాటిని దాచి మొత్తం మాత్రం అలాగే చదివితే అంతకంటే దాచకుండా ఉండడమే మేలు.

మన దేశంలో చిక్కు వేరే. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. మొదట ఇచ్చిన ఊళ్ళలో మన మద్రాసు కూడా ఒకటి. టెలిఫోను తీగలో కీచుమని అరిచి కలిసేది. కలిసిన ప్రతిసారీ కొత్త చిరునామా వచ్చేది. నిన్నటి చిరునామాను తీసేయమని రాసిపెడితే ఇవాళ అది ఇంకెవరిదో అవుతుంది. ఇప్పుడు ఇంటికి ఫైబరు వచ్చినా చాలామందికి మోడెమ్ ఆపి వేస్తే చిరునామా మారవచ్చు. సెల్‌ఫోను సంగతి ఇంకా కష్టం, ఒకే బయటి చిరునామాను ఎందరో పంచుకుంటారు. కార్యదర్శి ఫోను చిరునామా తీసేశామనుకుంటే, ఆయనతోపాటు ఊరూ పేరూ తెలియని పాఠకులూ పోవచ్చు. పెట్టె మొత్తాన్ని విప్పి పక్కకు తోసినట్టు!

అందుకని చిరునామా బదులు బ్రౌజరుకే గుర్తు వేసే పద్ధతి వచ్చింది. 1999లో ఐర్లండులో ఏడన్ కల్లెన్ అనే కుర్రవాడు మొదలుపెట్టిన స్టాట్‌కౌంటర్‌లో ఇది ఉంది. మన బ్రౌజరులో కుకీ అనే చిన్న చీటీ ఒకటి పెడుతుంది, అది ఉన్నంతకాలం మన రాక లెక్కలో పడదు. గూగుల్ 2005 ఏప్రిల్‌లో అర్చిన్ అనే కంపెనీని కొని, అదే ఏడు నవంబరులో గూగుల్ ఎనలిటిక్స్ అని ఉచితంగా ఇచ్చింది. జనం ఎగబడితే కొన్నాళ్ళు కొత్తవారిని చేర్చుకోవడమే ఆపేశారు. చిరునామా మారిపోయేవారికి అందులో ఒక ఉపాయం చెప్పేవారు. ఎవరికీ తెలియని పేజీ ఒకటి తయారు చేసి, మనవాళ్ళందరూ తమ తమ కంప్యూటర్లలో దాన్ని ఒకసారి తెరవాలి. అది బ్రౌజరుకు ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ఉన్నవారిని వడపోతలో తీసేయమని చెప్పుకోవాలి. డ్యూటీ పాసు మీద ముద్ర లాంటిదే. కాకపోతే కుకీలు తుడిచేసినా, కొత్త ఫోను కొన్నా ముద్ర పోయినట్టే.

అన్నిటికంటే ముఖ్యమైనది, వడపోత పెట్టిన రోజునుంచే పనిచేస్తుంది. పాత లెక్కను అది దిద్దదు. అందుకే తెలిసినవారు వడపోత లేని లెక్క ఒకటి పక్కన అలాగే ఉంచుకోమనేవారు. ఆ పాత ఎనలిటిక్స్ 2023 జూలై 1తో ఆగిపోయింది. ఇప్పుడున్న నాలుగో దాంట్లో సొంతవారి రాకకు ‘అంతర్గతం’ అని గుర్తు వేసి, మొదట పరీక్షగా పెట్టి చూసుకోవచ్చు. పరీక్షలో ఉన్నంతకాలం ఆ రాకలు లెక్కలోనే ఉంటాయి, గుర్తు మాత్రం కనబడుతుంది. అమలు చేశాక తీసేసినవి తిరిగి రావు.

ఇక అసలు సంగతి. ఏ ప్రోగ్రాము అయినా చిరునామానో, చీటీనో గుర్తుపడుతుంది. ‘సొంతవారు’ ఎవరు అన్నది అది చెప్పలేదు, మనమే చెప్పుకోవాలి. దుకాణానికి అది సులువు, పనివాళ్ళు వేరు, కొనేవాళ్ళు వేరు. సంఘానికి రాసేవాడూ సభ్యుడే, చదివేవాడూ సభ్యుడే. సభ్యులందరినీ తీసేస్తే మన సైటుకు మిగిలేదెవరు? రైల్వేలో డ్యూటీ పాసు వేరు, ప్రివిలేజ్ పాసు వేరు. ఉద్యోగి పనిమీద పోవడం ఒకటి, పెళ్ళాం పిల్లలతో తిరుపతికి పోవడం ఇంకొకటి. మనిషి ఒకడే. మన సైటులో కూడా పేజీ దిద్దడానికి తెరిచింది డ్యూటీ, చదువుకోవడానికి తెరిచింది రాక. తీసేయవలసింది మొదటిది మాత్రమే.

ఇంత పట్టింపు ఎందుకంటారా? 2011 జనగణనలో తమిళనాట తెలుగు మాతృభాష అని రాయించుకున్నవారు 42 లక్షలకు పైనే. అది మాట్లాడేవారి లెక్క. తెలుగు అక్షరం చదవగలిగినవారు అందులో ఎందరన్నది వేరే లెక్క. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడి తమిళం చదివేవారే ఎక్కువ. మా బడి చదువూ తమిళమే. తడ దాటాక వచ్చే స్టేషను బోర్డులు కూడబలుక్కుంటూ నేర్చిన తెలుగక్షరాలు మావి. ఇప్పుడు సైటులో తెలుగు పేజీలు టైపు చేసేది, అచ్చుతప్పులు దిద్దేది గుప్పెడుమంది. ఒక తెలుగు పేజీ నూరుసార్లు తెరిచారనుకుందాం. దిద్దేవారు అరవైసార్లు తెరిచి ఉంటే చదివింది నలభైసార్లే. తమిళ పేజీకి దిద్దుబాటు తక్కువ, అక్కడ అరవై తెరిస్తే యాభై చదివినవే కావచ్చు. కూడిన అంకె చూస్తే తెలుగు ముందుంది, విడదీస్తే తమిళం ముందుంది. పిల్లలకు తెలుగు అక్షరాల తరగతి పెట్టాలా, మన పెద్దల చరిత్రను తమిళ లిపిలో కూడా ఇవ్వాలా అన్న నిర్ణయం ఏ అంకె మీద నిలబడాలి?

తమిళ లిపి మాట ఎత్తితే కొందరికి కోపం వస్తుందని తెలుసు. కానీ చదవడం రాని మనవరాలికి మన ఊరి కథ అందకపోవడం మాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

కాబట్టి నివేదికలో రైల్వే పద్ధతిలో రెండు వరుసలు రాయమని కార్యవర్గాన్ని కోరుతున్నాము: మొత్తం ఇంత, పనిమీద మనవాళ్ళు తెరిచింది పోగా ఇంత, తెలుగు పేజీలు వేరు, తమిళ పేజీలు వేరు. పాత నెలలవి విడదీయడం కుదరదు, వాటి పక్కన ‘విడదీయనిది’ అని రాస్తే చాలు. వడపోతను ముందు ఒక నెల పరీక్షలో ఉంచుదాం. పేజీలు రాసేవారు, దిద్దేవారు ఏ ఫోను, ఏ కంప్యూటరు వాడుతున్నారో ఈ ఆదివారంలోగా సైటు చూసుకునే తమ్ముడికి చెప్పండి. చదువుకోవడానికి మాత్రమే తెరిచేవారు ఏమీ చెప్పనక్కరలేదు, ఎప్పటిలాగే చదవండి.